తూకం వేయని నాణెం

కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు వెనక ఒక గది ఉంది. దానికి బోర్డు లేదు, కిటికీ లేదు. అద్దె ఎవరు కడుతున్నారో కొట్టు యజమాని ఏనాడూ అడగలేదు, అడక్కుండా ఉన్నందుకే అతనికి అద్దె ఠంచనుగా అందుతుంది. ఆ గదిలో కూర్చున్న పెద్దాయన ఒక ఫొటో తీసి బల్లమీద పెట్టి వేలితో ముందుకు తోశాడు.

"గుర్తుపట్టావా?"

ఎదురుగా ఉన్న ఏజెంటుని డిపార్ట్‌మెంటులో అందరూ 'మామూలు' అంటారు. అది కోడ్ నేమ్ కాదు, అతని మొహం అలాంటిది. పక్కింటివాళ్ళు కూడా వీధిలో ఎదురైతే ఎక్కడో చూశామే అనుకుంటూ దాటిపోతారు. గూఢచారికి అంతకంటే వరం లేదని పెద్దాయన మురిసిపోతుంటాడు గానీ, ఆ మొహం మోస్తున్నవాడి అభిప్రాయం మాత్రం ఎవరూ కనుక్కోలేదు.

ఫొటోలో ఉన్నది బంగారు నాణెం. గుండ్రంగా లేదు, అంచులు వంకరటింకరగా ఉన్నాయి. ఒకవైపు శిలువ, రెండోవైపు రెండు స్తంభాలు, వాటికింద అలలు. ఒకప్పుడు స్పెయిన్ రాజులు సముద్రాల అవతల తమ వలసల్లో తవ్వించిన బంగారాన్ని అక్కడే సుత్తెదెబ్బలతో ముద్రవేయించిన ఎనిమిది ఎస్కుడోల నాణెం అది. ఆనాటి టంకశాలవాళ్ళకి ఆకారంతో పట్టింపు లేదు, తూకం సరిపోతే చాలు. బరువు ఎక్కువైతే ఏదో ఒక మూల కత్తిరించేసేవారు. అందుకే అలాంటి ఏ రెండు నాణేలూ ఒక్కలా ఉండవు.

"లిమా టంకశాలది," అన్నాడు మామూలు. తర్వాతి మాటకి అతని గొంతు తగ్గింది. "ఇది డాక్టరు గారి దగ్గరుంది."

"అవును. నీ డాక్టరు గారి దగ్గరే."

ఆ 'నీ' అన్నమాట అతనికి గుచ్చుకుంది. రెండేళ్ళ క్రితం ఏదో స్మగ్లింగ్ కేసు కోసం ఈ పెద్దాయనే అతనికి నాణేల సేకరణ అనే కవర్ తగిలించి క్లబ్బులోకి పంపాడు. కేసు ముగిసింది, కవర్ మాత్రం ఒంటికి అంటుకుపోయింది. క్లబ్బులో ఒక రిటైరైన పళ్ళ డాక్టరు అతన్ని చేరదీసి నాణేన్ని అంచులతో పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పారు. తమ్ముడూ అని పిలిచారు. ప్రతి ఆదివారం టీకి రమ్మన్నారు. ఆ ఇంట్లో అతనికంటూ ఒక కప్పు కూడా ఉంది, పిడి కొంచెం విరిగినది. అది ఇంకెవరికీ ఇవ్వదు వదిన.

"విను," అన్నాడు పెద్దాయన. "మన రేవులో నీళ్ళకింద ఎక్కడెక్కడ మందుపాతరలు ఉన్నాయో చూపించే డ్రాయింగులు ఎవడో ఫొటోలు తీశాడు. ఆ ఫిల్మ్ ఒక దళారి చేతిలో ఉంది. కొనేది విదేశీ ముఠా. వాళ్ళ కొరియర్ ఎవరో దళారికి తెలీదు, దళారి మొహం వాళ్ళకి తెలీదు. మధ్యలో గుర్తు ఈ నాణెం. దళారి ముందే దీని అచ్చు పోసుకుని ఉంచుకున్నాడు. నాణెం తెచ్చి ఆ అచ్చులో సరిగ్గా కూర్చోబెట్టినవాడికి ఫిల్మ్ ఇస్తాడు."

"మరి కొరియర్?"

"మూడు నెలల క్రితం హోటల్ గదిలో గుండె ఆగి చచ్చిపోయాడు. హోటలువాళ్ళు సామాను వేలం వేశారు. మీ డాక్టరు గారు చిల్లర సామాన్ల పెట్టె ఒకటి కొనుక్కున్నారు. అందులో ఇది వచ్చింది. దళారికి ఈ గొడవేదీ తెలీదు. ఎల్లుండి వేలంశాలలో ప్రివ్యూ ఉంది, వేలానికి ముందు సరుకు చూసుకునే రోజు. అక్కడికి కొరియర్‌గా నువ్వు వెళ్తావు."

"డాక్టరు గారిని అడిగితే ఇస్తారు సార్."

"ఇస్తాడు. ఇచ్చి ఊరంతా చెప్తాడు. ముప్పై ఏళ్ళపాటు ఎదుటివాడి నోట్లో పరికరాలు పెట్టి తనొక్కడే మాట్లాడిన మనిషి. ఇప్పుడు ఆపమంటే ఆపుతాడా?"

పెద్దాయన సొరుగులోంచి ఒక పొట్లం తీశాడు. అందులో ఇంకో నాణెం ఉంది. అదే శిలువ, అవే స్తంభాలు, అదే వంకర అంచు.

"పోయిన నెల నువ్వు తెచ్చిచ్చిన మైనపు అచ్చుతో ల్యాబ్ చేసింది. మంచి బంగారంతోనే చేశారు. రేపు టీకి వెళ్ళినప్పుడు మార్చెయ్."

మైనపు అచ్చు రికార్డు కోసమే అన్నారు, రొటీన్ అన్నారు. అతను ఎందుకని కూడా అడగలేదు. ఇప్పుడు పొట్లం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ముత్యాలావిడ తెలుసుగా? వేలంశాల నడిపేది. దళారి కోసం అచ్చు చూసేది ఆవిడే. ఆవిడ మనవైపు తిరిగింది. అంటే, ఈ వారానికి. పాస్‌వర్డ్ రాసుకోకు, గుర్తుపెట్టుకో. దళారి, 'కడిగి ఇమ్మంటారా?' అంటాడు. నువ్వు, 'కడిగితే నాకొద్దు' అనాలి."

మామూలుకి ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. "నాణేలు సేకరించే ఎవరైనా అదే అంటారు సార్. కడిగితే పాత నాణెం పాడైపోయినట్టే."

"అందుకే పెట్టుకున్నారు. పక్కవాడు విన్నా అనుమానం రాదు." పెద్దాయన ఒక లూప్ అందించాడు. నాణేలు చూసుకునే బుల్లి భూతద్దం. "మూత వెనక్కి తిప్పితే ఒక్కసారి వెలుగుతుంది. చూసినవాడికి కాసేపు లోకమంతా సున్నం కొట్టినట్టు ఉంటుంది. నువ్వు కళ్ళు మూసుకో, పోయినసారిలా మర్చిపోకు. ఇంకోమాట. దళారి నాకు ప్రాణాలతో కావాలి. డ్రాయింగులు దొంగిలించినవాడి పేరు వాడికొక్కడికే తెలుసు. వాడి మనుషుల్ని ఇదివరకు ఇద్దర్ని పట్టుకున్నాం. ఇద్దరూ పంటికింద గుళిక కొరికి మన చేతుల్లోనే పోయారు."

*

డాక్టరు గారి ముందుగది ఒకప్పుడు క్లినిక్. పేషెంట్లు పోయినా కుర్చీ పోలేదు. వచ్చిన అతిథిని ఆ వాలుకుర్చీలోనే కూర్చోబెడతారు. గోడ అల్మారాలో ప్లాస్టర్ దవడలు వరసగా నవ్వుతుంటాయి. పరికరాలుండే సొరుగుల్లో ఇప్పుడు మఖ్మల్ పరిచి నాణేలు పెట్టుకున్నారు. ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయింది కాబట్టి నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లోనే సినిమా హీరోలా తిరుగుతున్నారు.

"ఇదిగో తమ్ముడూ, మన మహారాజు," అంటూ లిమా నాణేన్ని సొరుగుతో సహా తెచ్చి అతని ఒళ్ళో పెట్టారు. మూడు నెలలుగా ప్రతి ఆదివారం జరిగే తంతే ఇది. చూడాలి, తిప్పాలి, ఆహా అనాలి. తూకం మాత్రం వేయకూడదు. క్లబ్బులో ఎవరూ రాయని నియమం అది. ఒకరి నాణేన్ని వాళ్ళ ఎదుటే త్రాసులో వేయడమంటే మొహంమీద దొంగా అనడమే. ఒకసారి ఒక కొత్త సభ్యుడు ఆ పని చేస్తే ఆరునెలలు అతనితో ఎవరూ మాట్లాడలేదు.

లోపల్నుంచి వదిన కేకేసింది. "ఏవండీ, బిస్కెట్ల డబ్బా మూత రావట్లేదు, ఒకసారి వస్తారా?"

"పళ్ళు పీకిన చెయ్యి కదా, మూతలకి కూడా నేనే కావాలి," అని లేచారు డాక్టరు గారు. వెళ్తూ వెళ్తూ ఆయన సొరుగు తీసుకోబోతే బాగుండునని మామూలు మనసులో మొక్కుకున్నాడు. ఆయన తీసుకోలేదు. "చూస్తూ ఉండు. నీ దగ్గర దాపరికమేముంది?"

ఆ మాట అనకుండా ఉండుంటే చెయ్యి ఇంకొంచెం తేలిగ్గా కదిలేది. అతను శత్రుదేశపు రాయబారి కార్యాలయంలో బీరువా తెరిచాడు, అప్పుడు గుమ్మం వైపు చూడనైనా లేదు. ఇప్పుడు తాళం కూడా లేని సొరుగు ముందు మూడుసార్లు చూశాడు. ఒక నాణెం లోపలికి వెళ్ళింది, ఒక నాణెం జేబురుమాల్లో చుట్టుకుని బయటికి వచ్చింది. అంతే. పని పూర్తయ్యాక మామూలుకి తనమీద తనకే అసహ్యం వేసింది.

వదిన టీ తెచ్చింది, పిడి విరిగిన కప్పులో. "ఏం మరిదిగారూ, మొహం పీక్కుపోయింది? ఒంట్లో బాగాలేదా?"

"ఏంలేదు వదినా, కొంచెం తలనొప్పి."

"వేడిగా తాగండి. మీ అన్నయ్య మాటలు వింటే ఎవరికైనా తలనొప్పే."

ఆ టీ అతనికి గొంతు దిగలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, బిస్కెట్టు ముక్క చేతిలో మెత్తబడిపోయేదాకా పట్టుకుని, పనుందని లేచాడు. డాక్టరు గారు గేటుదాకా వచ్చి భుజం తట్టారు. ఆయన కూడా ఆరోజు ఏదో చెప్పబోయి మానుకున్నట్టు అనిపించింది. అతను ఆగి అడిగే ధైర్యం చేయలేకపోయాడు.

గదికి వచ్చాక బల్లమీద త్రాసు ఉంది. డాక్టరు గారు పుట్టినరోజుకి కొనిచ్చిన త్రాసు. జేబురుమాలు విప్పి నాణేన్ని దానిమీద పెట్టడం క్షణంలో పని. అతను విప్పలేదు. ఆ నాణెం మొహం చూడాలంటే సిగ్గేసింది. మూటని అలాగే సూట్‌కేసు అడుగున తోసేశాడు.

ఫోన్‌లో పెద్దాయన అడిగాడు. "సరుకు వచ్చిందా?"

"వచ్చింది సార్."

"తూచావా?"

"తూచాను సార్."

ఒకే రోజు ఇద్దరు పెద్దవాళ్ళని మోసం చేశాడు, ఒకరిని చేత్తో, ఒకరిని నోటితో. మొదటిదానికి జీతమిస్తున్నారు. రెండోది తన సొంత ఖాతా.

*

వేలంశాలలో ప్రివ్యూ రోజు పొద్దున్నే జనం నిండారు. పొడవాటి బల్లల మీద వంగి, కళ్ళకి లూపులు పెట్టుకుని, ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగిచూస్తున్నారు. వేషాల శాఖవాళ్ళు మామూలు మీద ఎప్పుడూ పెద్దగా ఖర్చుపెట్టరు. ఏం తగిలించినా చివరికి మామూలుగానే కనిపిస్తాడు. ఈసారి ఒక మీసం, బంగారు ఫ్రేము కళ్ళజోడు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ముత్యాలావిడ ఎదురొచ్చింది. మెడనిండా ముత్యాలు, నల్ల సిల్కు గౌను, ఎవరివైపు చూస్తే వాళ్ళ చెయ్యి డబ్బుకోసం దానంతటదే జేబులోకి దూరిపోయే నవ్వు. "ఏదైనా చూపించడానికి తెచ్చారా, చూడ్డానికి వచ్చారా?"

"చూపించడానికి."

పక్కగదిలోకి తీసుకెళ్ళింది. కేటలాగు కోసం నాణేలు ఫొటోలు తీసే గది అది. పెద్ద పెద్ద దీపాలు వెలుగుతున్నాయి. మూల మూడుకాళ్ళ కెమెరా దగ్గర ముసలి ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డలో తలదూర్చి తన పనేదో తను చేసుకుంటున్నాడు. అతని బల్లమీద ఫిల్మ్ రోల్స్ ఉన్నాయి. గుమ్మం దగ్గర ఎర్ర టై కట్టుకున్న గార్డు నిలబడ్డాడు. వీళ్ళలో దళారి ఎవరా అని మామూలు లెక్కలు వేసుకుంటూనే జేబురుమాలు విప్పాడు.

ముత్యాలావిడ మఖ్మల్ గుడ్డ తొలగించింది. కింద తెల్లటి ప్లాస్టర్ అచ్చు. నాణేన్ని అంచులతో పట్టుకుని అందులో ఉంచింది. వేలితో తాకింది.

నాణెం కదిలింది.

ఇంకోసారి తాకింది. మళ్ళీ కదిలింది, కాలికి పెద్దదైన చెప్పులో పాదంలా. ఆవిడ పెదవులు కదపకుండా అంది. "ఇదెక్కడ్నుంచి తెచ్చారు? ఇది అది కాదు. నేనేం చేయలేను, వాళ్ళు చూస్తున్నారు."

మామూలు వంగి నాణెం వంక చూశాడు. తను తెచ్చింది నకిలీ! అంటే ఇన్నాళ్ళూ చూసిందీ నకిలీయే. తూకం వేసుంటే నిన్ననే తెలిసేది. మొహం చూడలేక మూట విప్పలేదు, ఆ సిగ్గే ఇప్పుడు పీకలమీదికి తెచ్చింది. ముత్యాలావిడ తప్పనిసరై అచ్చుపెట్టె మూతమీద చెయ్యి వేసింది. అదే సిగ్నల్. ఎర్ర టై వెనక్కొచ్చి పక్కటెముకల్లో ఏదో గట్టిగా ఆనించాడు.

"సార్, కాస్త వెనక గదిలోకి వస్తారా?"

అప్పుడు గుమ్మం దగ్గర గొడవ మొదలైంది.

"అడ్డు తప్పుకోవయ్యా! అమ్మా, ఆ నాణెం కొనకండి! దయచేసి కొనకండి!"

నల్లద్దాలు, చంకలో గొడుగు, రొప్పుతూ డాక్టరు గారు. "పొద్దుట్నుంచీ హాల్లో కాపు కాశాను. దొంగసొత్తు ఇక్కడికే వస్తుందని నాకు తెలుసు. అమ్మా, పోయింది నా నాణెం. పోతే పోయింది. కానీ అది అసలుది కాదు. నేను పోతపోసింది. బంగారు పళ్ళు పోసే మిశ్రమంతో నా చేత్తో నేనే పోశాను. దాన్ని అసలుదనుకుని ఏ అమాయకుడో ఇల్లు అమ్ముకుని కొంటే ఆ పాపం నాది!"

"మీరు పోశారా?" అంది ముత్యాలావిడ.

"నేనే. నకిలీ అని దానిమీద గుర్తు కొట్టాలి, అది క్లబ్బు నియమం. మరీ బాగా కుదిరిందని మురిసిపోయి కొట్టలేదు. అసలుది భద్రంగా దాచి, అడిగినవాళ్ళకల్లా అదే అసలుదని చూపించాను." ఆయన బల్లమీద అచ్చు చూశారు. అంతే, అవమానం మర్చిపోయి వృత్తి లేచి కూర్చుంది. "ప్లాస్టర్ అచ్చే ఉందిగా! చూడండి, కదులుతోందా? కదలక చస్తుందా? పోత బంగారం చల్లారితే కొంచెం కుంచించుకుంటుంది. ఏ పళ్ళ డాక్టరునైనా అడగండి. అసలుది ఎలా కూర్చుంటుందో నేను చూపిస్తాను."

కోటు లోపలి జేబులోంచి దూది పొట్లం తీశారు. దూదిలోంచి నాణెం తీశారు. తన నకిలీని పక్కన పడేసి దీన్ని అచ్చులో పెట్టారు. టక్కుమని కూర్చుంది. వేలితో ఎంత నెట్టినా కదల్లేదు.

మామూలు నోరు దానంతటదే తెరుచుకుంది.

డాక్టరు గారు అటు తిరిగారు. దీపాల వెలుగు సూటిగా అతని నోట్లో పడుతోంది. "నోరు మూసుకో నాయనా, ఈగలు... ఆగు. మళ్ళీ తెరువు." నల్లద్దాలు కిందికి జార్చి చూశారు. "ఆ కింది దవడ పన్ను నింపింది నేను." మీసం వైపు చూశారు, కళ్ళజోడు వైపు చూశారు. నల్లద్దాలు మెల్లగా పైకి తోసుకున్నారు. "నువ్వా?"

మామూలు ఇప్పటిదాకా చాలా కవర్లు మార్చాడు. ఆ క్షణంలో ఒక్కటీ అక్కరకు రాలేదు.

"నేనే అన్నయ్యా. దొంగతనం చేసింది నేనే. మీరు నమ్మి ఒళ్ళో పెట్టి వెళ్తే తీసేశాను."

డాక్టరు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. అంత మాటల మనిషి నోట్లోంచి మాట రాకపోవడం చూస్తే, పక్కటెముకల్లో ఆనుకున్న తుపాకీ చాలా చిన్న విషయమైపోయింది.

మూలనున్న నల్లగుడ్డ కదిలింది. ముసలి ఫొటోగ్రాఫర్ నిటారుగా నిలబడేసరికి ముసలితనం సగం రాలిపోయింది. మామూలు వైపు చూడనైనా చూడకుండా డాక్టరు గారి దగ్గరికి నడిచాడు. అతని లెక్క అతనికుంది. అసలు నాణెం తెచ్చినవాడు కొరియర్. జాగ్రత్తకోసం నకిలీ పోసుకున్నాడు, దాన్ని ఎవడో పోలీసు దొంగిలించి ఇక్కడికొచ్చి దొరికిపోయాడు. అంతా సరిపోయింది. ఇక మిగిలింది ఒక్క మాట.

"నాణెం చాలా బాగుంది," అన్నాడు దళారి. "కడిగి ఇమ్మంటారా?"

అంత బాధలోనూ డాక్టరు గారు భగ్గుమన్నారు. "కడగడమా? బుద్ధుందా నీకు? కడిగితే నాకొద్దు!"

దళారి తృప్తిగా తల ఆడించాడు. బల్లమీది ఫిల్మ్ రోల్ ఒకటి తీసి డాక్టరు గారి చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "మీ సరుకు. పక్క గుమ్మంలోంచి వెళ్ళండి." తర్వాత ఎర్ర టైకి చెప్పాడు. "వీడిని వెనక గదికి తీసుకెళ్ళు. చప్పుడు కాకూడదు."

మామూలుకి ఒకటే ఆలోచన. అన్నయ్య బయటికి వెళ్ళిపోతే చాలు. ఫిల్మ్ మంచి చేతుల్లో ఉంది, ఆయన క్షేమంగా ఉంటారు, తనకి జరిగేది తను చేసినదానికి సరిపోతుంది. అతను ఎదురు తిరగకుండా ఎర్ర టై తోసినవైపు నడిచాడు.

"ఆగండి!" అన్నారు డాక్టరు గారు. "అతన్నెక్కడికి తీసుకెళ్తారు?"

"మీకెందుకండీ, దొంగ."

"దొంగే. కాదనను. అయినా నా తమ్ముడు. వాణ్ణి ఏమైనా అనాలంటే నేను అనాలి, మధ్యలో మీరెవరు?"

ఎర్ర టై అయోమయంగా దళారి వైపు చూశాడు. సరుకు కొన్న పార్టీ మాట తీసేయాలో వద్దో అతనికి తేలలేదు. పక్కటెముకల్లో ఒత్తిడి ఒక్కక్షణం తగ్గింది. మామూలు కళ్ళు మూసుకుని లూప్ మూత వెనక్కి తిప్పాడు.

గది తెల్లబడిపోయింది. ఎర్ర టై కెవ్వుమన్నాడు. ముత్యాలావిడ మాత్రం మూత తిరగడం చూసి ముందే తల తిప్పుకుంది. ఈ వారం తను ఎటువైపో అప్పుడే నిర్ణయించుకున్నట్టుంది, కేటలాగు బైండు పుస్తకం ఎత్తి ఎర్ర టై మణికట్టు మీద కొట్టింది. తుపాకీ కిందపడింది. మామూలు అతనిమీద పడ్డాడు.

దళారికి కళ్ళు కనిపించడం లేదు. కానీ విషయం మాత్రం స్పష్టంగా కనిపించింది. దీపాల స్టాండుకి ఆనుకుని దవడ బిగించాడు.

"గుళిక!" అని అరిచాడు మామూలు, కింద ఎర్ర టైతో పెనుగులాడుతూ. "పంటికింద విషం! కొరికేస్తున్నాడు!"

ఎవరికీ చేరేంత సమయం లేదు, ఒక్క డాక్టరు గారికి తప్ప. నల్లద్దాల వెనక ఆయన కళ్ళు చక్కగా పనిచేస్తున్నాయి. ముప్పై ఏళ్ళ అలవాటు ఆయన్ని అడిగి కదల్లేదు. ఎడమచేత్తో దళారి తల చంకలో ఇరికించుకుని, బొటనవేలు దవడ చివరి పళ్ళ వెనక దూర్చి కిందికి నొక్కారు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏంలేదు, ఏంలేదు, కొంచెం ఓర్చుకోండి," అన్నారు అలవాటుగా. కుడిచేతి రెండు వేళ్ళు లోపలికి వెళ్ళి తొడుగుపన్నుతో సహా బయటికి వచ్చాయి. తొడుగులో గాజుగుళిక, ఒకవైపు చిట్లింది గానీ పగల్లేదు. దీపం వెలుగులో తిప్పి చూసి మొహం చిట్లించారు. "ఎవరండీ ఇది కట్టింది? సిగ్గుండాలి."

*

పెద్దాయన మనుషులతో వచ్చేసరికి గది సర్దుకుంది. దళారి పన్ను ఊడిన నోటితో అన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. ఫిల్మ్ ఒక సంచిలోకి, అచ్చు ఒక సంచిలోకి, డాక్టరు గారి రెండు నాణేలూ ఇంకో సంచిలోకి వెళ్ళాయి.

"అసలుది నాది," అన్నారు డాక్టరు గారు.

"సాక్ష్యమండీ," అన్నాడు పెద్దాయన. "ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటుంది." అంత భద్రంగా ఉన్న వస్తువు మళ్ళీ బయటికి రావడం మామూలు తన సర్వీసులో చూడలేదు.

గుమ్మం బయట మెట్ల మీద ఇద్దరూ మిగిలారు. మామూలు తన మీసం పీకేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎలా తెలిసింది అన్నయ్యా?"

"సొరుగు సర్దుతుంటే చేతికి బరువు తగిలింది. నాది తేలిక, పళ్ళ మిశ్రమం కదా. మూడు నెలలు తేలిగ్గా ఉన్న నాణెం ఒక్కరోజులో సరైన బరువుకి వస్తుందా?" ఆయన జేబులోంచి ల్యాబ్ నాణెం తీసి అతని చేతిలో దాదాపు విసిరేశారు. "ఇదిగో నీది. నా నకిలీ కంటే బాగుంది. తీసుకుపో."

"నాకు వేరే దారి లేదన్నారు. అడిగితే మీరు..."

"అడిగితే ఇచ్చేవాణ్ణి," అన్నారు డాక్టరు గారు. "నకిలీ కాదు, అసలుదే ఇచ్చేవాణ్ణి. నీకు దాన్ని చూపించలేదనే బాధ నాకు ఇన్నాళ్ళుగా ఉంది. నిన్న గేటు దగ్గర చెప్పేద్దామనుకున్నాను, నోరు రాలేదు. నా తప్పు నాది. నువ్వు ఒక్కమాట అడగాల్సింది తమ్ముడూ."

గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు, వెనక్కి తిరక్కుండా. అడిగి ఉంటే అసలు నాణెమే అచ్చులో కూర్చునేదని, ఈ తుపాకులూ విషాలూ ఉండేవి కావని మామూలుకి అప్పుడు తట్టింది. దానికంటే ఆఖరున 'తమ్ముడూ' అన్నది ఎక్కువ కోసింది.

*

తర్వాతి ఆదివారం అతను గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చివరికి వదినే చూసి తలుపు తీసింది. వాలుకుర్చీ చూపించలేదు, గోడవార చెక్కకుర్చీ చూపించింది. టీ తెచ్చింది. పూలకప్పు, సాసరుతో. వచ్చిపోయేవాళ్ళకిచ్చే కప్పు.

అతను ఆ కప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఏ శత్రువూ అతన్ని ఇంత చక్కగా శిక్షించలేదు.

డాక్టరు గారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. మామూలు లేచి జేబులోంచి పొట్లం తీసి, పక్కనే తన త్రాసు పెట్టి, రెండూ ఆయన ముందుకి జరిపాడు.

"తూచండి అన్నయ్యా. నా ఎదుటే తూచండి."

పేపరు కిందికి దిగింది. ఒకరి ఎదుట తూచడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. డాక్టరు గారు పొట్లం విప్పి నాణేన్ని త్రాసులో వేశారు. ముల్లు ఆగాల్సిన చోట ఆగింది. నాణేన్ని తీసి శిలువ చూశారు, అలలు చూశారు, కత్తిరించిన మూల బొటనవేలితో తడిమారు.

"ఇచ్చేశారా వాళ్ళు?"

మామూలు అబద్ధం చెప్పబోయి ఆగిపోయాడు. "లేదన్నయ్యా."

"మరి? మళ్ళీ దొంగతనమా?"

"అవునన్నయ్యా. ఈసారి ముందే చెప్తున్నాను."

డాక్టరు గారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. నాణేన్ని దూదిలో చుట్టి అతని ఒళ్ళో పెట్టి, "చూస్తూ ఉండు," అని కళ్ళు తుడుచుకోవడానికి అవతలి గదిలోకి వెళ్ళారు. మామూలు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కదలకుండా ఆయన వచ్చేదాకా కూర్చున్నాడు. చేసిన తప్పు ఎక్కడికీ పోలేదు, లోపల అలాగే ఉంది. కానీ ఊపిరి ఆడుతోంది.

వదిన వచ్చి పూలకప్పు తీసుకెళ్ళిపోయింది. లోపల కప్పులు కదిలిన చప్పుడైంది. ఈసారి టీ పిడి విరిగిన కప్పులో వచ్చింది. అదే సమయానికి ఫోన్ మోగితే ఆవిడే ఎత్తింది.

"మీకే మరిదిగారూ. ఎవరో కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్ళట."

అతను కప్పు పట్టుకునే ఫోన్ అందుకున్నాడు.

"విను," అన్నాడు పెద్దాయన. "సాక్ష్యాల గదిలో ఆ నాణేన్ని మళ్ళీ అచ్చులో పెట్టి చూశారట. కదులుతోందట. లోపలికి ఎవరొచ్చారని గార్డుని అడిగితే, ఎవరో వచ్చారు గానీ మొహం గుర్తులేదంటున్నాడు. నీకేమైనా తెలుసా?"

మామూలు ఒక గుక్క టీ తాగాడు. ఆ వారంలో మొదటిసారి అది గొంతు దిగింది.

"ఎవరైనా కడిగారేమో కనుక్కోండి సార్."